ఆకుపచ్చ బిళ్ళలో ఆకుపచ్చ లేదు

మీకు తెలుసా? పిల్లలు ఏరుకుని మరీ తినే ఆకుపచ్చ చాక్లెట్ బిళ్ళలో చాలాసార్లు ఆకుపచ్చ రంగే ఉండదు. ఉండేవి ఒక పసుపు, ఒక నీలం. రెండూ కలిసి మన కంటికి ఆకుపచ్చగా కనబడతాయి. ఈ సంగతి పుస్తకంలో చదివితే తలూపి పేజీ తిప్పేస్తాం. కళ్ళారా చూస్తే మాత్రం మర్చిపోలేం. చూడడానికి కావలసిందల్లా ఒక కాగితం ముక్క, గ్లాసులో కాసిని నీళ్ళు, చిటికెడు ఉప్పు, ఓ అరగంట ఓపిక.

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని ఇదే చేశాను. అది ఆరో తరగతి చదువుతోంది. చిన్న పళ్ళెంలో మూడు ఆకుపచ్చ బిళ్ళలు పెట్టి, చెంచాతో నాలుగైదు నీటి చుక్కలు వేశాం. నిమిషం తిరక్కముందే రంగు కరిగి పళ్ళెంలోకి జారింది. బిళ్ళల మీద తెల్లటి పంచదార పొర బయటపడింది. సరిగ్గా అక్కడ బిళ్ళలు తీసేయాలి. ఇంకాసేపు నానిస్తే పంచదార కూడా దిగి రంగు పాకంలా జిగురెక్కుతుంది, అప్పుడు కాగితం మీద కదలదు. తీసిన బిళ్ళలు అది నోట్లో వేసుకుంది.

ఫిల్టర్ పేపర్‌ని రెండు వేళ్ళ వెడల్పున కత్తిరించాం. అది దొరక్కపోతే పాతకాలపు అద్దుడు కాగితమైనా పనికొస్తుంది. అడుగు నుంచి బొటనవేలి గోరంత ఎత్తున పెన్సిల్‌తో అడ్డంగా ఒక గీత. పుల్ల మొనని రంగులో ముంచి ఆ గీత మీద ఆవగింజంత చుక్క. ఆరాక మళ్ళీ అదే చోట ఇంకో చుక్క. ఇలా ఐదారుసార్లు. చుక్క ఎంత చిన్నగా, ఎంత చిక్కగా ఉంటే ఫలితం అంత శుభ్రంగా వస్తుంది. పిల్లలకి అన్నిటికంటే కష్టమైన పని ఈ ఆరబెట్టడమే. తర్వాత గ్లాసు అడుగున కొంచెం ఉప్పునీళ్ళు పోసి, చుక్క మునగకుండా కాగితాన్ని నిలబెట్టాం.

నీళ్ళు కాగితం పట్టుకుని పైకి పాకాయి. చుక్కని చేరాయి, దాటాయి. మొదట చుక్క కాస్త సాగిందంతే. పది నిమిషాలకి దాని పై అంచు నీలంగా తేలింది.

"పెద్దమ్మా, ఇది విడిపోతోంది!" అని అది గ్లాసుకి ముక్కు ఆనించేసింది.

అరగంట అయ్యేసరికి నీలం మరక పైన, పసుపు మరక కింద, మధ్యలో రెండూ ఇంకా వదులుకోని చోట సన్నటి ఆకుపచ్చ చార. దీన్నే క్రొమటోగ్రఫీ అంటారు. కోట్ల రూపాయల యంత్రాలతో మందుల కంపెనీల్లో రోజూ జరిగే పనికి మూలసూత్రం ఈ గ్లాసులో ఉన్నదే.

గీత పెన్సిల్‌తోనే ఎందుకు గీయాలి? పెన్సిల్ ములుకులో ఉండేది గ్రాఫైట్, నీళ్ళలో కరగదు, గీసినచోటే ఉంటుంది. పెన్నుతో గీస్తే ఆ సిరా కూడా మిఠాయి రంగులతో కలిసి పైకి బయల్దేరుతుంది. ఏది దేని మరకో తెలియదు.

ఉప్పు సంగతి ఇంకొంచెం లోతైనది. మిఠాయిల్లో వేసే కృత్రిమ రంగుల్లో ఎక్కువవాటి అణువులకి సల్ఫోనేట్ అనే గుంపులు తగిలి ఉంటాయి. ఆ గుంపుల వల్లే అవి నీళ్ళలో అంత సుళువుగా కరుగుతాయి. వట్టి నీళ్ళు పోస్తే రంగులన్నీ నీటి వెంటే పరుగెత్తి పైకి చేరిపోతాయి, విడిపోయే వ్యవధి ఉండదు. లీటరు నీళ్ళకి ఒక గ్రాము ఉప్పు చాలు, కథ మారుతుంది. ఉప్పునీళ్ళలో రంగుకి ఇమిడే చోటు తగ్గుతుంది, కాగితాన్ని పట్టుకునే మొగ్గు పెరుగుతుంది. అక్కడే ఒక్కో రంగు స్వభావం బయటపడుతుంది.

తీర్థానికి వెళ్ళే జనాన్ని ఊహించుకోండి. అందరూ ఒకేసారి ఊరి పొలిమేర దాటుతారు. కొందరు గాజుల కొట్టు దగ్గర ఆగుతారు, జీళ్ళ బండి దగ్గర ఆగుతారు, రంగులరాట్నం దగ్గర ఇంకాసేపు ఆగుతారు. కొందరు తల తిప్పకుండా గుడికి నడుస్తారు. గంట గడిచేసరికి ఒక్క గుంపు పది గుంపులవుతుంది. కాగితంలోని సెల్యులోజ్ పోగులు ఆ కొట్లు. బ్రిలియంట్ బ్లూ అనే నీలం ఎక్కడా పెద్దగా ఆగదు, అందుకే పైకి చేరింది. టార్ట్రజీన్ అనే పసుపు కాస్త ఆగి ఆగి నడుస్తుంది. చుక్క వెళ్ళిన దూరాన్ని నీళ్ళు వెళ్ళిన దూరంతో భాగిస్తే వచ్చే అంకెని ఆర్ఎఫ్ విలువ అంటారు. అదే కాగితం, అదే ఉప్పునీరు వాడినంతకాలం ఒక్కో రంగుకి ఆ విలువ దాదాపు మారదు.

ఆకుపచ్చ కంటే గోధుమరంగు బిళ్ళ ఇంకా బాగుంటుంది. గోధుమరంగు చాలాసార్లు ఎరుపు, పసుపు, నీలం మూడూ కలిపి చేసింది. కాగితం మీద మూడూ వేరుపడతాయి. రెండు వేర్వేరు కంపెనీల గోధుమరంగు బిళ్ళల రంగులు పక్కపక్కన చుక్కలుగా పెట్టి చూడండి. కంటికి ఒకేలా ఉన్న రంగులు కాగితం మీద వేరే దారులు పట్టినా పట్టవచ్చు.

ఎరుపులన్నీ కూడా ఒకటి కావు. మన దేశంలో ఆహారంలో వాడేందుకు అనుమతించిన కృత్రిమ రంగులు ఎనిమిది. వాటిలో ఎరుపులు మూడు: పాన్సో 4ఆర్, కార్మోయిసిన్, ఎరిత్రోసిన్. పసుపులు టార్ట్రజీన్, సన్‌సెట్ యెల్లో. నీలాలు ఇండిగో కార్మిన్, బ్రిలియంట్ బ్లూ. ఆకుపచ్చ ఒక్కటే, ఫాస్ట్ గ్రీన్. పొట్లం వెనక చిన్న అక్షరాల్లో కనబడే 102, 110, 122, 124, 127, 132, 133, 143 అనే అంకెలు వీటివే. ఇంట్లో కాగితం పెట్టేముందు ఆ అంకెలు చదివి, ఏయే రంగులు రావాలో పిల్లల చేత ముందే రాయించండి. ఊహించింది కాగితం మీద నిజమైతే వాళ్ళ మొహాలు చూడాలి.

ఆ మూడు ఎరుపుల్లో ఎరిత్రోసిన్ ఒక వింత పదార్థం. దాని అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి, బరువులో సగానికి పైగా అయోడినే. సల్ఫోనేట్ గుంపులు లేవు. అందుకే కాగితం మీద అది బయల్దేరిన చోటు నుంచి పెద్దగా కదలదు. పులుపు తగిలితే నీళ్ళలో కరగడమే మానేస్తుంది. ఈ గుణాన్ని మిఠాయివాళ్ళు భలే వాడుకున్నారు. కేకు మీద పెట్టే ఎర్ర చెర్రీని గమనించండి. తెల్లటి క్రీము మీద గంటల తరబడి కూర్చున్నా చుట్టూ ఎర్రటి మరక పడదు. రంగు పండులోనే గడ్డకట్టి ఉండిపోతుంది. అన్నట్టు, మన బేకరీల్లో చెర్రీ పేరుతో ఉండే ఆ పండు చాలాసార్లు వాక్కాయ. పప్పులో, పచ్చడిలో వేసుకునే మన పుల్లటి వాక్కాయే, గింజ తీయించుకుని, పాకంలో నాని, ఎరుపెక్కి చెర్రీ అయింది. అమెరికాలో ఇదే ఎరిత్రోసిన్‌ని రెడ్ 3 అంటారు. అక్కడి ఆహార ఔషధ సంస్థ 2025 జనవరిలో దానికి ఆహారంలో అనుమతి రద్దు చేసింది. ఎక్కువ మోతాదుల్లో ఇచ్చిన మగ ఎలుకల్లో కేన్సర్ కనబడడం దానికి కారణం.

రంగుల మీది భయం బిళ్ళలనే మార్చిన సందర్భాలూ ఉన్నాయి. అమెరికాలో ఎం అండ్ ఎం అనే చాక్లెట్ బిళ్ళల్లో 1976 నుంచి 1987 దాకా ఎరుపు లేదు. అమరాంత్ అనే వేరే ఎరుపు మీద అమెరికాలో భయం రేగి, దాన్ని నిషేధించారు. ఆ బిళ్ళల్లో అమరాంత్ లేకపోయినా, జనం జంకుతారని ఎర్ర బిళ్ళే తీసేశారు. బ్రిటన్‌లో స్మార్టీస్ అనే చాక్లెట్ బిళ్ళలది నీలం కథ. 2006లో కృత్రిమ రంగులన్నీ మానేసినప్పుడు నీలానికి ప్రకృతిలో సాటి దొరకలేదు. రెండేళ్ళు నీలం బిళ్ళ మాయమైంది. 2008లో స్పిరులినా అనే నీటి నాచు నుంచి తీసిన నీలంతో తిరిగొచ్చింది. పండ్లలో, కూరల్లో ఎరుపు, పసుపు ఎన్ని ఉన్నాయో చూడండి, నీలం ఎంత అరుదో చూడండి. మిఠాయిలోని నీలం ప్రకృతికి అంత ఖరీదైన రంగు.

క్రొమటోగ్రఫీ అంటే గ్రీకు మాటల్లో రంగుల రాత. ఆ పేరు పెట్టింది మిఖాయిల్ త్స్వెట్ అనే రష్యన్ వృక్షశాస్త్రవేత్త. 1872లో ఇటలీలో పుట్టాడు, వార్సాలో పనిచేశాడు. గాజు గొట్టంలో సుద్దపొడి దట్టించి, పై నుంచి ఆకు రసం పోసి, ద్రావకంతో కిందికి దింపాడు. ఆకుపచ్చ రసం గొట్టంలో పచ్చ పట్టీలుగా, పసుపు పట్టీలుగా విడిపోయింది. 1906లో ప్రచురించిన వ్యాసాల్లో దీనికి ఈ పేరు పెట్టాడు. రష్యన్‌లో త్స్వెట్ అంటే రంగు అనే అర్థం. తన ఇంటిపేరే శాస్త్రానికి పెట్టుకున్నాడా, గ్రీకు మాటే పెట్టాడా అని ఈ రోజుకీ సరదాగా చర్చించుకుంటారు. పాపం, ఆయన బతికుండగా పెద్ద రసాయనవేత్తలు దీన్ని లెక్కచేయలేదు. 1919లో పోయాడు. 1931లో జర్మనీలో హైడెల్‌బర్గ్ శాస్త్రవేత్తలు తిరిగి చేపట్టాకే ప్రపంచం కళ్ళు తెరిచింది.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకునే సంగతి. మిఠాయి రంగుల పరీక్షకీ గొర్రె ఉన్నికీ సంబంధం ఉంది, ఒకసారి కాదు, రెండుసార్లు.

ఆహార పరీక్షశాలకి ఒక లడ్డూనో, జిలేబీనో, పంచదార చిలకో వచ్చిందనుకోండి. దాని రంగుని నేరుగా కాగితం మీద పెడితే పిండి, నెయ్యి, చక్కెర అన్నీ అడ్డం పడతాయి. అందుకని దాన్ని నీళ్ళలో కరిగించి, కొవ్వు ఉంటే ముందు తీసేసి, కొంచెం ఎసిటిక్ ఆమ్లం కలుపుతారు. మన వెనిగర్‌లో పులుపు అదే. అందులో శుభ్రంగా కడిగిన తెల్ల ఉన్ని దారం వేసి మరిగిస్తారు. ఉన్ని ప్రోటీన్. పులుపులో దాని పోగులు ధనావేశం పుంజుకుంటాయి. రంగు అణువుల సల్ఫోనేట్ గుంపులది రుణావేశం. రెండూ గట్టిగా కరుచుకుంటాయి. చూస్తుండగా నీళ్ళ రంగు తగ్గిపోతుంది, దారం రంగెక్కుతుంది. దారాన్ని బయటికి తీసి ఎన్నిసార్లు కడిగినా రంగు పోదు, చక్కెర, పిండి పోతాయి. ఇప్పుడు దాన్ని కాస్త అమోనియా కలిపిన వేడినీళ్ళలో వేస్తే ఉన్ని తన పట్టు వదిలేస్తుంది, శుభ్రమైన రంగు నీళ్ళలోకి దిగుతుంది. ఆ నీటిని ఇగరబెట్టి, చిక్కబడిన చుక్కని కాగితం మీద పెడతారు. దాని పక్కనే తెలిసిన రంగుల చుక్కలు వరసగా పెడతారు. ఈ వరస లేకుండా పరీక్ష చెల్లదు, ఎందుకంటే రెండు వేరే రంగులు ఒకే ఎత్తులో ఆగవచ్చు. ఇంట్లో మనం చేసే ప్రయోగం రంగులు ఎన్ని అని చెబుతుంది. అవి ఫలానావే అని తేల్చదు.

రెండోసారి ఉన్ని కనబడేది ఇంగ్లండ్‌లోని లీడ్స్ పట్టణంలో. అక్కడి ఉన్ని పరిశ్రమ పరిశోధనశాలలో 1940 ప్రాంతంలో ఆర్చర్ మార్టిన్, రిచర్డ్ సింజ్ అనే ఇద్దరు కుర్ర శాస్త్రవేత్తలు ఉన్నిలో ఏయే అమైనో ఆమ్లాలు ఎంతెంత ఉన్నాయో తేల్చే పనిలో ఉన్నారు. అవి ఒకదానికొకటి కవలల్లా ఉంటాయి, వేరు చేయడం నరకం. ఒక ద్రావకం కదలకుండా నిలబడి ఉండాలి, ఇంకోటి దాని పక్కనుంచి ప్రవహించాలి, అప్పుడు ఒక్కో పదార్థం ఆ రెండింటి మధ్య తన వాటా పంచుకుంటూ తన వేగంతో సాగుతుంది అనే ఆలోచన వాళ్ళది. 1941లో ప్రచురించారు. 1944లో మార్టిన్, మరో ఇద్దరు సహచరులు కాన్స్‌డెన్, గోర్డన్‌లతో కలిసి మామూలు ఫిల్టర్ పేపర్ మీదే అది సాధించి చూపించాడు. కాగితం పోగులు పట్టుకున్న తేమే నిలబడిన ద్రావకం. అమైనో ఆమ్లాలకి రంగు లేదు కాబట్టి నిన్‌హైడ్రిన్ చల్లి, వేడిచేసి, ఊదా మచ్చలుగా రప్పించారు. 1952లో మార్టిన్, సింజ్‌లకి నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ కాగితం ముక్క తర్వాత ఎంత దూరం వెళ్ళిందో తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది. ఫ్రెడరిక్ శాంగర్ ఇన్సులిన్‌లో అమైనో ఆమ్లాలు ఏ వరసలో ఉన్నాయో దాని సాయంతోనే చదివాడు. 1958లో నోబెల్ అందుకున్నాడు. డీఎన్ఏలో ఎ, టి అనే భాగాలు సమానమనీ, జి, సి అనేవి సమానమనీ ఎర్విన్ చార్గాఫ్ తేల్చింది కూడా కాగితం మీదే. 1953లో వాట్సన్, క్రిక్ అనే శాస్త్రవేత్తలు డీఎన్ఏకి కట్టిన జంట మెలికల నమూనాకి ఆ లెక్క ఒక ముఖ్యమైన ఆధారం. మా చెల్లెలి కూతురి గ్లాసులో పైకి పాకిన నీలం మచ్చ ఈ వంశంలోదే.

ఇంతకీ పూర్వం మిఠాయిలకి రంగెలా వేసేవాళ్ళు? 1830ల మొదట్లో లండన్‌లో ఒక యువ వైద్యుడు బజారు మిఠాయిలు కొని పరీక్షించాడు. ఎరుపులో పాదరసం, పసుపులో సీసం, ఆకుపచ్చలో రాగి. ఇళ్ళకి, బొమ్మలకి వేసే ఖనిజ రంగులే పిల్లల నోళ్ళలోకి వెళుతున్నాయి. లాన్సెట్ అనే వైద్య పత్రికలో బయటపెట్టాడు. ఆ వైద్యుడి పేరు విలియం ఓషానెసీ. ఈ పేరు మన చరిత్రలోనూ ఉంది. 1833లో కలకత్తా వచ్చి, అక్కడి వైద్య కళాశాలలో పాఠం చెప్పి, 1850లలో ఈ దేశంలో టెలిగ్రాఫ్ తీగలు వేయించింది ఆయనే. మిఠాయిలో విషం పట్టుకున్న చేతులే మనకి తంతి తెచ్చాయి. ఆ ఖనిజ రంగులు నీళ్ళలో కరగవు, కాబట్టి మన కాగితం పద్ధతికి అవి లొంగేవి కావు. ఆయన వాటిని ఆమ్లాలతో, లవణాలతో ఒక్కొక్కటిగా పట్టుకున్నాడు. 1856లో పెర్కిన్ అనే ఆంగ్ల రసాయనవేత్త తారు నుంచి ఊదా రంగు తీశాక కృత్రిమ రంగుల యుగం మొదలైంది. చవకగా, నీళ్ళలో కరిగేలా, చిటికెడు వేస్తే బస్తాడు మిఠాయికి సరిపోయేలా.

ఆ చిటికెడు దగ్గరే చిక్కు. మన నిబంధనల ప్రకారం ఎక్కువ పదార్థాల్లో అనుమతించిన కృత్రిమ రంగు కిలోకి 100 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే పది కిలోల మిఠాయికి ఒకే ఒక్క గ్రాము. వంటచోట ఆ గ్రాముని తూచే త్రాసు ఎంతమంది దగ్గరుంటుంది? చేతి వాటమే కొలత. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నగరంలో రంగుల వాడకం మీద చేసిన అధ్యయనంలో, కొందరు తినే రంగు రోజువారీ సురక్షిత పరిమితిని దాటుతోందని తేలింది.

అనుమతి లేని రంగుల సంగతి ఇంకా బాధాకరం. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరిలో పీచు మిఠాయిలో రోడమిన్-బి దొరికింది. బట్టలకి, తోలుకి వేసే గులాబీ అద్దకం అది. అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ తమిళిసై సౌందరరాజన్, ఆ రోజుల్లో తెలంగాణ గవర్నర్ కూడా ఆవిడే, అమ్మకాల మీద నిషేధం ప్రకటించారు. కొద్ది రోజులకే తమిళనాడు కూడా నిషేధించింది. అతినీలలోహిత కాంతి పెడితే రోడమిన్-బి నారింజ మెరుపుతో వెలుగుతుంది, పరీక్షశాలలో దాక్కోలేదు. లడ్డూల్లో, పప్పుల్లో వేసే మెటానిల్ యెల్లో హైడ్రోక్లోరిక్ ఆమ్లం తగిలితే ముదురు గులాబీగా మారుతుంది. ఆమ్లంతో పని కాబట్టి ఇంట్లో ప్రయత్నించకండి. కర్రకి గులాబీ పొట్లాలు కట్టుకుని బడి గేటు దగ్గర నిలబడే ముసలాయన్ని తిట్టి లాభం లేదు. ఆయనకి పొడి అమ్మినవాడు ఏ డబ్బాలోంచి తీసి ఇచ్చాడో ఆయనకి తెలియదు. డబ్బా మీద పేరు లేని రంగు అమ్మడం దగ్గర పట్టుకోవాలి. నా మటుకు నాకు పెళ్ళిసారెలో తెల్ల పంచదార చిలకే ముద్దు. గులాబీ చిలక దానికంటే ఒక్క పిసరు కూడా తియ్యగా ఉండదు.

చివరగా, మొన్న ప్రయోగం అయ్యాక పొట్లంలో మిగిలిన బిళ్ళలతో చేసింది ఇంకోటి. అమెరికా నుంచి వచ్చినవాళ్ళు తెచ్చిన ఎం అండ్ ఎం బిళ్ళలు అవి. ఒక్కో బిళ్ళ మీద తెల్లటి అక్షరం ఉంటుంది. అక్షరం పైకి వచ్చేలా ఒక బిళ్ళని గిన్నెలో పెట్టి, అది మునిగేదాకా నీళ్ళు పోసి, కదపకుండా వదిలేశాం. రంగు ముందు వదిలింది, తర్వాత పంచదార పొర. అక్షరం రాసిన తినదగ్గ సిరా మాత్రం నీళ్ళలో కరగదు. కింద ఆసరా కరిగిపోయేసరికి ఆ తెల్ల అక్షరం మెల్లగా ఊడి, చెక్కుచెదరకుండా నీటి మీదికి తేలింది. మా చెల్లెలి కూతురు దాన్ని కాగితం అంచుతో జాగ్రత్తగా పైకి తీసి, అరగంట కిందట ఆకుపచ్చ విడిపోయిన పట్టీ పక్కనే తన నోటుపుస్తకంలో ఆరబెట్టుకుంది. దాని కింద పెన్సిల్‌తోనే తేదీ వేసుకుంది.